పక్షవాయువు మాట వెనుక ఉన్న మనిషి

ఎమ్మిగనూరుకు కొద్ది దూరంలోని ఒక పల్లె. ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ కాపరిగారు మమ్మల్ని ఒక ఇంటికి తీసుకువెళ్లారు. పాత మట్టిమిద్దె. నడవలో నులక మంచం మీద పాతికేళ్ల యువకుడు పడుకుని ఉన్నాడు. బెంగళూరులో భవన నిర్మాణ పనికి వెళ్లి, రెండో అంతస్తు దగ్గర పరంజా విరిగి కింద పడ్డాడు. అప్పటికి రెండేళ్లవుతోంది. ఆ రోజు నుంచి నడుము కింద స్పర్శ లేదు, కాళ్లలో కదలిక లేదు.

‘‘పక్షవాతమొచ్చిందన్నారు అయ్యగారూ. నూనె రుద్దినాము, ఆకుపసురు తాపినాము, వేడి ఇటుకతో కాపడం పెట్టినాము. ఏం చేసినా కాళ్లు లేయలేదు’’ అంది తల్లి. ఆ కాపడానికి పిల్లవాడి కాలు కాలి బొబ్బలెక్కింది. కాలుతున్న సంగతి అతనికి తెలియనే లేదు.

మేము ప్రార్థన చేసి లేవబోతుంటే ఆ యువకుడు ఒక ప్రశ్న అడిగాడు. ‘‘సార్, పక్షవాతమైతే ఒక పక్క కదా పడిపోవాల? నాకు చేతులు రెండూ బాగుండాయి, మాట బాగుంది, మూతి వంకర పోలేదు. నడుము కింద మాత్రమే పోయింది. మరి నాదేం జబ్బు? బైబిల్లో పక్షవాయువు గలవాడంటే నాలాంటోడా, ఇంకొకడా?’’

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇంటికి వచ్చాక వైద్యులను అడిగాం, పాత నిఘంటువులు తిరగేశాం, సువార్తలను మళ్లీ చదివాం. అతని ప్రశ్న చిన్నదే కానీ అందులో ఒక కుటుంబం పడిన కష్టమంతా ఉందని అప్పుడు తెలిసింది.

పక్షం అంటే పక్క

‘పక్షం’ అంటే పక్క, రెక్క అని అర్థం. పక్షికి ఆ పేరు రెక్కల వల్లే వచ్చింది. నెలలో సగాన్ని కూడా పక్షమే అంటాం. ఆయుర్వేదం శరీరాన్ని నడిపే మూడు దోషాల్లో వాతం ఒకటని చెబుతుంది. వాతం దెబ్బతిని శరీరంలో ఒక పక్క పడిపోతే అది పక్షవాతం. వాతమన్నా వాయువన్నా ఒకటే కనుక మన తెలుగు బైబిల్లో అది పక్షవాయువు అయింది. కాబట్టి అక్షరాలా చూస్తే ఈ మాట ఒక కాలు, ఒక చెయ్యి, ఒక్కోసారి సగం ముఖం చచ్చుబడిన స్థితికే సరిపోతుంది. వైద్యులు దాన్ని హెమీప్లీజియా అంటారు.

రెండు కాళ్లూ పడిపోయిన స్థితికి మన పూర్వులు వేరే మాట వాడారు. ఆయుర్వేద గ్రంథాలు ఒక కాలు పోయినవాణ్ని ఖంజుడని, రెండు కాళ్లూ పోయినవాణ్ని పంగువని విడదీసి చెప్పాయి. నేడు వైద్యులు పారాప్లీజియా అంటున్న స్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న మాట ఈ పంగువే. కానీ అది పండితుల పుస్తకాల్లోనే మిగిలిపోయింది. వాడుకలో కాళ్లు పోయిన ప్రతివాడూ కుంటివాడు, శరీరం చచ్చుబడిన ప్రతివాడూ పక్షవాతం వచ్చినవాడు అయిపోయారు.

ఆదోని ప్రాంతంలో మూడు భాషలు పక్కపక్కనే బతుకుతాయి. కన్నడం మాట్లాడేవారు దీన్ని లక్వ అంటారు, ఉర్దూ మాట్లాడేవారు ఫాలిజ్ అంటారు. తెలుగువారు ‘కాళ్లు పడిపోయినాయి’, ‘సచ్చుపడినాయి’ అంటారు. నిజానికి శాస్త్రం పేరు తెలియని ఆ తల్లి ‘కాళ్లు పడిపోయినాయి’ అని ఊరుకుని ఉంటే ఆ మాటే సరిగ్గా ఉండేది. పెద్దమాట వాడబోయి పక్షవాతం అనడంతోనే చికిత్స దారి తప్పింది.

విచిత్రమేమిటంటే గ్రీకు మాటకూ ఇలాంటి చరిత్రే ఉంది. పారాప్లీజియా అంటే ‘పక్కన తగిలిన దెబ్బ’ అని అర్థం. ప్రాచీన గ్రీకులు ఆ మాటను శరీరంలో ఒక పక్క పడిపోవడానికే వాడారు. తరువాతి కాలంలో వైద్యులు దానికి నడుము కింది భాగం చచ్చుబడటమనే అర్థాన్ని స్థిరపరిచారు.

సువార్తల్లో ఉన్నది ఈ మాట కాదు. మత్తయి, మార్కు వాడిన మాట పరాలుతికోస్. ‘పక్కన సడలిపోవడం’ అనే క్రియ నుంచి పుట్టిన మాట అది. ఇంగ్లిష్‌వారి పెరాలిసిస్ కూడా అక్కడి నుంచి వచ్చిందే. లూకా మాత్రం అదే క్రియ నుంచి ‘సడలిపోయినవాడు’ అనే రూపాన్ని వాడాడు. ఆ కాలంలో అది చాలా జబ్బులకు గొడుగులాంటి పేరు. కపెర్నహూములో మంచం మీద మోసుకొచ్చిన మనిషికి, తీవ్రమైన బాధతో ఉన్న శతాధిపతి దాసుడికి, లుద్దలో ఎనిమిదేళ్లు మంచం పట్టిన ఐనెయకు సువార్తికులు ఈ కుటుంబపు మాటలే వాడారు. వీరిలో ఎవరికి ఒక పక్క పోయిందో, ఎవరికి రెండు కాళ్లూ పోయాయో లేఖనం చెప్పలేదు. కనుక ఆ యువకుడికి మేము ఇవ్వగలిగిన మొదటి జవాబు ఇదే: ‘ఆ మంచం మీద ఉన్నవాడు నీలాంటివాడే కావచ్చు. ఆ మాటలో నీకూ చోటుంది.’

పేరు తప్పితే వైద్యం తప్పుతుంది

ఒక పక్క పడిపోవడానికి కారణం సాధారణంగా మెదడులో ఉంటుంది. మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా శరీరంలో ఎదుటి పక్క పడిపోతుంది. మెదడుకు కుడివైపు దెబ్బ తగిలితే ఎడమ కాలు, ఎడమ చెయ్యి పోతాయి. బీపీ, షుగర్, పొగతాగడం దీనికి దారితీస్తాయి. మొదటి కొన్ని గంటల్లో పెద్దాసుపత్రికి చేర్చగలిగితే చాలామందిని కాపాడవచ్చు.

రెండు కాళ్లూ ఒకేసారి పోవడానికి కారణం ఎక్కువగా వెన్నుపాములో ఉంటుంది. వెన్నెముక లోపల మెదడు నుంచి నడుము దాకా దిగే ఈ తాడు నుంచి 31 జతల నరాలు పుడతాయి. మెడ దగ్గర దెబ్బ తగిలితే కాళ్లూ చేతులూ నాలుగూ పోతాయి. వీపు దగ్గర తగిలితే చేతులు మిగులుతాయి, కాళ్లు పోతాయి. కాళ్లతో పాటు స్పర్శ, మూత్రం, మలం మీద అదుపు కూడా పోతాయి. పైకి కనిపించేది కదలని కాళ్లే కానీ, ఆ ఇంటివారిని రాత్రీ పగలూ కుంగదీసేది కనిపించని ఈ రెండో కష్టమే. సిగ్గుతో దాని గురించి ఎవరూ నోరు విప్పరు.

పోలియో మరొకటి. అందులో కాళ్లు సన్నబడి బలం పోతుంది కానీ స్పర్శ మిగిలే ఉంటుంది. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో భారత్‌ను పోలియో రహిత ప్రాంతంలో చేర్చారు. అంతకుముందు ఆ జబ్బు సోకినవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారిని, వెన్నుపాము దెబ్బతిన్నవారిని ఒకే గాటన కట్టలేం.

మన జిల్లాలో ఈ స్థితి ఎలా వస్తుందో చూడండి. వలస పనిలో పరంజా మీద నుంచి పడటం, చెట్టు మీద నుంచి జారడం, బావిలో పడటం, సుగ్గికి వెళ్లే కూలీల ఆటో బోల్తాపడటం. వీటికి తోడు వెన్నెముకకు వచ్చే క్షయ ఒకటుంది. నెలల తరబడి వీపునొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆ తర్వాత కాళ్లు బరువెక్కడం దాని వరుస. తొలిదశలో గుర్తించి మందులు వాడితే ఈ క్షయ నయమవుతుంది, చాలామంది మళ్లీ నడుస్తారు. నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ వెన్నెముకను బిగదీసి వెన్నుపామును నొక్కుతుంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల్లో ఈ ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు.

‘పక్షవాతం’ అనే ఒక్క మాట ఇన్నింటినీ కప్పేస్తే ఏమవుతుంది? పరంజా మీద నుంచి పడ్డవాణ్ని చేతులూ కాళ్లూ పట్టుకుని ఆటోలో కుక్కుతారు. విరిగిన వెన్నెముక ఇంకా కదిలి ఉన్న నరం కూడా తెగవచ్చు. అలాంటివాణ్ని మెడ, నడుము వంగకుండా చెక్క మీద చదునుగా పడుకోబెట్టి తీసుకువెళ్లాలి. స్పర్శ లేని కాలికి కాపడం పెడితే కాలడం ఖాయం. కదలకుండా పడుకుంటే పిరుదుల దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, కూర్చున్నప్పుడు చేతుల మీద బరువు వేసి నడుము ఎత్తుతూ ఉండాలి. మేము చూసిన యువకుడి వీపు మీద అరచేయంత పుండు ఉంది. ఆ ఇంట్లో ప్రేమకు ఏ లోటూ లేదు. ‘గంటగంటకూ కదిలిస్తే ఎముకలు మళ్లీ విరుగుతాయేమో’ అని ఆ తల్లి భయపడింది. ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పుండు పడేది కాదు.

గాలి సోకిందా?

ఆ ఇంటి కష్టం శరీరంతో ఆగలేదు. ‘వాయువు’ అనే మాటకు మన పల్లెల్లో గాలి అని అర్థం, గాలి అంటే దయ్యం అని అర్థం. బెంగళూరులో ఏదో గాలి సోకిందని ఒకరన్నారు. ఆయుర్వేదం చెప్పే వాతానికీ ఈ గాలికీ సంబంధం లేదని చెప్పేవారు లేరు. తరువాత స్వస్థత కూడికలకు తీసుకెళ్లారు. చేతులుంచి ప్రార్థించారు, లేచి నడవమన్నారు. లేవలేకపోయాడు. ‘నీలో విశ్వాసం లేదు, దాచిన పాపమేదో ఉంది’ అన్న మాట ఆ మంచం దగ్గరికి వచ్చింది. ఆ రోజు నుంచి తండ్రి ఆరాధనకు రావడం మానేశాడు.

దేవుడు స్వస్థపరుస్తాడని మనం నమ్ముతాం, ప్రార్థిస్తాం, ప్రార్థించాలి కూడా. అయితే పుట్టు గుడ్డివాణ్ని చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదని ప్రభువు తేల్చి చెప్పారు. కపెర్నహూములోనైతే ఆయన చూసింది మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని. మార్కు రెండో అధ్యాయాన్ని నిదానంగా చదవండి. ‘వారి’ విశ్వాసమని ఉంది. మంచం మీది మనిషి తనకు విశ్వాసముందని ఒక్క మాటైనా చెప్పలేదు. మరి కదలలేనివాణ్ని నిలబెట్టి నీ విశ్వాసమెక్కడ అని మనం ఎలా అడగగలం? ముందుగా అడగవలసింది మోయవలసిన మనల్ని కాదా?

మిద్దె విప్పిన నలుగురు

ఈ కథ మన సీమవారికి అర్థమైనంత తేలికగా మరెవరికీ అర్థం కాదేమో. కపెర్నహూము ఇంటికీ మన పాత ఇళ్లకీ పోలిక ఉంది. దూలాలు పరిచి, వాటి మీద కట్టెలు, కంప పేర్చి, పైన మట్టి కప్పిన చదునైన కప్పు. మన మిద్దెల మీద వానకు కారకుండా చౌడు మట్టి పోస్తారు. అలాంటి కప్పును తవ్వి సందు చేయడమంటే ఏమిటో మిద్దె ఎక్కి చౌడు పోసినవారికి తెలుసు. కింద కూర్చున్నవారి నెత్తిన మట్టి రాలుతుంది. ఇంటాయన కేకలు వేస్తాడు. తరువాత దాన్ని మళ్లీ కప్పించే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆ నలుగురూ ఇదంతా లెక్కచేయలేదు. వాకిట్లో జనం కిక్కిరిసి ఉంటే, ‘రోగిని తీసుకుని వచ్చే వారం రండి’ అన్న మాటతో వారు తృప్తిపడలేదు.

అప్పుడు ప్రభువు చేసిన పని ఒకటుంది. సువార్తికులకు ఆ మనిషి పేరు తెలియదు, జబ్బు పేరుతోనే అతన్ని గుర్తించారు. జనం కూడా అలాగే పిలిచి ఉంటారు. మత్తయి, మార్కు రాసినదాని ప్రకారం ప్రభువు మాత్రం అతన్ని ‘కుమారుడా’ అని పిలిచారు. కాళ్లకు బలం రాకముందే, మంచం ఎత్తుకోకముందే, అతను ఒకరి కుమారుడయ్యాడు. స్వస్థత తరువాత వచ్చింది, బంధుత్వం ముందు వచ్చింది.

పాత నిబంధనలోనూ ఇదే కనిపిస్తుంది. మెఫీబోషెతుకు ఐదేళ్లప్పుడు దాది అతన్ని ఎత్తుకుని పరుగెత్తుతూ పడవేయడంతో రెండు కాళ్లూ పోయాయి. దావీదు సౌలు వంశంలో ఎవరున్నారని అడిగినప్పుడు సీబా అతని పేరు చెప్పలేదు, కుంటితనమే చెప్పాడు. లోదెబారు నుంచి పిలిపించాక దావీదు నోట వచ్చిన మొదటి మాట అతని పేరు. ఆ తరువాత అతను నిత్యం రాజు బల్ల దగ్గర భోజనం చేశాడు. అతని కాళ్లు బాగుపడ్డాయని రాయలేదు. ఆ అధ్యాయం చివరి మాట కూడా అతని రెండు కాళ్ల కుంటితనమే. అయినా బల్ల దగ్గర చోటు పోలేదు. లుద్దలో పేతురు కూడా ఎనిమిదేళ్ల మంచాన్ని చూస్తూ ‘ఐనెయా’ అని పేరు పెట్టి పిలిచాడు.

చక్రాల కుర్చీలోని శస్త్రవైద్యురాలు

రాయలసీమలో జబ్బు ముదిరితే చాలామంది నోట వచ్చే ఊరు వేలూరు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ కథ మన యువతకు తెలియాలి. కేరళలో పుట్టిన ఆమె వేలూరులో వైద్యం చదివారు. 1954లో జరిగిన కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని ఆమె కాళ్లు శాశ్వతంగా పోయాయి. తానే రోగి అయిన డాక్టరుకు ఇక పనేముంటుందని అందరూ అనుకునే స్థితి అది. కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెకు ఒక దారి చూపారు. చేతికి చేసే శస్త్రచికిత్సకు నిలబడవలసిన పనిలేదు, కూర్చుని చేయవచ్చు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఎందరి చేతులకో జీవం పోశారు.

తరువాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, న్యూయార్క్‌లో పునరావాస వైద్యం నేర్చుకుని వేలూరుకు తిరిగివచ్చారు. వెన్నుపాము దెబ్బతిన్నవారి కోసం 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 1986లో ఆమె కన్నుమూశారు. ఆమె కాళ్లు చివరిదాకా కదలలేదు. దేవుడు ఆమె ప్రార్థన వినలేదని ఎవరనగలరు?

ఇంగ్లండ్‌లో ఇంకొకరు ఇదే బాటలో నడిచారు. నాజీల చేతుల్లో నుంచి తప్పించుకుని వచ్చిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్, 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్నవారి విభాగాన్ని తీసుకున్నారు. ఆ రోజుల్లో అలాంటివారు పుండ్లతో, మూత్రకోశ వ్యాధులతో త్వరలోనే చనిపోతారని వదిలేసేవారు. ఆయన వారిని వేళ తప్పకుండా పక్కకు తిప్పించారు, కూర్చోబెట్టారు, పని నేర్పించారు, ఆటలాడించారు. 1948 జులై 29న 16 మందితో మొదలైన ఆ విలువిద్య పోటీలే 1960లో రోమ్ నాటికి ప్రపంచ పోటీలయ్యాయి. పారాలింపిక్స్ అనే మాట మొదట పారాప్లీజియా నుంచే పుట్టింది. నేడు నిర్వాహకులు దానికి ‘ఒలింపిక్స్‌కు సమాంతరం’ అనే అర్థం చెబుతున్నారు. జబ్బు పేరుగా పుట్టిన మాట గౌరవంగా నిలిచింది.

పక్షవాతం కన్నా పక్షపాతం

మాటలు మారుతూనే ఉంటాయి. కుంటివాడు పోయి వికలాంగుడు వచ్చాడు. 2015లో ప్రధాని దివ్యాంగులు అనే మాట సూచించారు. మన రాష్ట్ర శాఖ విభిన్న ప్రతిభావంతులు అంటోంది. మంచి మాట మంచిదే. కానీ మాట మారి మెట్లు మారకపోతే లాభమేమిటి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రజలు వచ్చే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలంది. చట్టం చెప్పకముందే చేయవలసినవారం మనం. అయినా మన మందిరాల్లో చాలావాటికి నాలుగైదు మెట్లుంటాయి, వాలుబాట ఉండదు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలుగా సిమెంటు పోస్తే చక్రాల కుర్చీ సులువుగా ఎక్కుతుంది. శిఖరానికి రంగులు వేయించే ఖర్చులో అది ఎన్నో వంతు?

పలకడంలో పొరపాటున కొందరు పక్షవాతాన్ని పక్షపాతం అంటారు. వింటే నవ్వొస్తుంది కానీ ఆలోచిస్తే భయమేస్తుంది. శరీరానికి పక్షవాతం వస్తే ఒక పక్క పడిపోతుంది. సంఘానికి పక్షపాతం వచ్చినా అంతే, నడవగలిగినవారి పక్కే పనిచేస్తుంది. క్రీస్తు శరీరంలో ఒక అవయవం బాధపడితే అన్నీ బాధపడతాయని పౌలు కొరింథీయులకు రాశాడు. ఒక అవయవం బాధ మిగతావాటికి తెలియడం లేదంటే స్పర్శ పోయింది మంచం మీది మనిషికి కాదు, మనకు. సడలిన మోకాళ్లను బలపరచమని హెబ్రీ పత్రిక చెప్పింది కూడా సంఘమంతటికీ.

చేయవలసినవి పెద్ద పనులేం కావు. సదరం శిబిరానికి తోడు వెళ్లి సరైన ధ్రువపత్రం ఇప్పించడం ఒకటి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జులై నుంచి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 15 వేల రూపాయల పింఛను ప్రకటించింది. వైద్యుడు కాగితం మీద రాసే మాటను బట్టే అది అందుతుంది. పుండ్లు పడకుండా చూసుకోవడం ఇంటివారికి నేర్పించడం మరొకటి. వారానికో పూట ఆ తల్లిని విశ్రాంతి తీసుకోనిచ్చి యువకులు ఇద్దరు ఆ మంచం దగ్గర కూర్చోవడం ఇంకొకటి.

కొన్ని నెలల తరువాత మేము మళ్లీ ఆ పల్లెకు వెళ్లాం. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించాక వీపు పుండు మానుతోంది. మందిరం పక్కన యువకులు కలిసి పోసిన సిమెంటు వాలుబాట ఉంది, కాస్త వంకరగా. ఆ యువకుడు చక్రాల కుర్చీలో ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. సెల్‌ఫోన్ల మరమ్మతు నేర్చుకుంటున్నానని చెప్పాడు. తండ్రి వెనుక వరుసలో, తలుపు దగ్గర కూర్చున్నాడు.

మందిరం గోడకు ప్రార్థన మనవుల పలక ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు దాని మీద ‘పక్షవాతపు సహోదరుని కొరకు’ అని రాసి ఉండటం చూశాం. ఇప్పుడు ఆ వరుస చెరిపేసి ఉంది. దాని స్థానంలో అతని పేరు రాశారు. కింద సుద్దముక్కతో మరో మాట కూడా ఉంది: ‘ఈ ఆదివారం వాక్య పఠనం’.

మీ సంఘంలోనూ జబ్బు పేరుతోనే గుర్తుండిపోయినవారు ఎవరో ఉంటారు. ఈ వారం వారి ఇంటికి వెళ్లండి. ముందు పేరు అడగండి.